కఱ్ఱయు, కాగితమును

ఇంటిలో మనము నిత్యము వాడుకొను వస్తువులలో బల్ల, కుర్చీ, దీపము ముఖ్యమైనవి. ఇవి లేని ఇల్లు అరుదు. ఉన్నను వీనిని పరికించి చూచువారు అంతకంటె అరుదు. అయినను కొందరు శిల్పులు చేసిన బల్లలను, దీపములను పెక్కు దేశములవారు చిత్తరువులవలెనే సేకరించుచున్నారు, ప్రదర్శనశాలలు భద్రపఱచుచున్నవి. 2006వ సంవత్సరమున న్యూయార్కు నగరమునందు జార్జి నకషిమా అను నతని బల్ల యొకటి వేలములో ఎనిమిది లక్షల డాలర్లకు మించిన వెలకు అమ్ముడయ్యెను. అందు బంగారము లేదు, వెండి లేదు, ఉన్నది కఱ్ఱయే. మఱి ఆ విలువ ఎచ్చటినుండి వచ్చినది? నకషిమా చరిత్రయు, కాగితముతో దీపములు చేసిన ఇసాము నొగూచి చరిత్రయు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పునని మేము తలంచుచున్నాము.

నకషిమా 1905లో అమెరికా సంయుక్త రాష్ట్రములలోని స్పోకేన్ నగరమున జపాను దంపతులకు జన్మించెను. మొదట అటవీశాస్త్రమును, పిదప వాస్తుశాస్త్రమును చదివి, జపానునకు పోయి అంటోనిన్ రేమండ్ అను వాస్తుశిల్పియొద్ద ఉద్యోగమున ప్రవేశించెను. పుదుచ్చేరిలోని అరవిందాశ్రమమువారు ఒక వసతిగృహమును కట్టు పనిని రేమండునకు అప్పగింపగా, దానిని చూచుటకై 1937 ప్రాంతమున నకషిమా మన దేశమునకు వచ్చెను. ఆ కట్టడము పేరు గోల్‌కోండ్. తెలుగువారికి ఈ పేరు క్రొత్తది కాదు. హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ చొరవచే నిజాము ప్రభుత్వమునుండి విరాళము లభించినందున, కృతజ్ఞతతో మన గోలకొండ పేరే దానికి పెట్టిరి. ఆ గదులలోని టేకు సామానులకు నమూనాలు గీసినవాడు నకషిమాయే. అతడు ముందు ముందు చేపట్టబోవు వృత్తికి తొలి అడుగు ఇచ్చటనే పడినదని చెప్పవచ్చును.

అతడు అమెరికాకు మరలిపోయిన కొలదికాలమునకే యుద్ధము వచ్చెను. 1941 డిసెంబరు 7వ తేదీన జపాను విమానములు పెర్ల్ హార్బరుపై దాడి సలిపెను. 1942 ఫిబ్రవరి 19వ తేదీన అధ్యక్షుడు రూజ్‌వెల్టు చేసిన ఉత్తరువు ననుసరించి, జపాను సంతతివారు రమారమి 1,20,000 మంది ఇల్లు వాకిలి విడిచి, ముండ్లతీగల నడుమ నున్న శిబిరములకు పోవలసివచ్చెను. వారిలో మూడింట రెండువంతులమంది ఆ దేశపు పౌరులే. వారిపై నేరము మోపినవారు లేరు, విచారణ జరుపినవారును లేరు. నకషిమా భార్యతోను, చంటిబిడ్డతోను ఐడహో రాష్ట్రములోని మినిడోకా శిబిరమును చేరెను.

ఆ శిబిరములో గెంటారో హికోగావా అను జపాను వడ్రంగి యుండెను. విశ్వవిద్యాలయ పట్టభద్రుడైన నకషిమా ఆ వడ్రంగికి శిష్యుడై, జపాను పనిముట్లను పట్టు విధమును, కఱ్ఱకు కఱ్ఱను పొందికగా అతుకు విధమును నేర్చుకొనెను. కట్టడముల పనిలో మిగిలిన చెక్కముక్కలును, ఎడారిలో పెరుగు పొదల కొమ్మలును వారికి దొరికిన సామగ్రి. మంచి కలప దొరకదని వారు ఊరకుండలేదు. దొరికినదానిలో ఏ ముక్క దేనికి పనికివచ్చునో చూచిరి. 1943లో రేమండు పూచీపడగా నకషిమా విడుదలయై, పెన్సిల్వేనియా రాష్ట్రములోని న్యూహోపు అను ఊరు చేరి, అచ్చటనే కాలక్రమమున తన వడ్రంగశాలను నెలకొల్పెను.

శిబిరములో అలవడిన ఆ చూపు అతని బల్లలలో కనబడును. బీటలు వారిన పలకను, ముడులున్న పలకను కలప వర్తకులు త్రోసివేయుట వాడుక. నకషిమా అట్టివానినే ఏరి తెచ్చుకొనెడివాడు. విద్యార్థులు ఇచ్చట ఒక శాస్త్రవిషయమును గమనింపవలెను. చెట్టును కొట్టిన పిమ్మటకూడ కఱ్ఱ కదలుచునే యుండును. గాలిలో తేమ హెచ్చినప్పుడు పలక అడ్డముగా ఉబ్బును, తగ్గినప్పుడు ముడుచుకొనును, పొడవున మాత్రము మార్పు స్వల్పము. ఈ లాగుడువలన బీట నానాటికి పెరుగును. దానిని లక్కతోనో మైనముతోనో పూడ్చినచో కంటికి మరుగగును గాని, పెరుగుట మానదు. నకషిమా ఏమి చేసెను? రెండు కొనలు వెడల్పుగను, నడుము సన్నముగను ఉండు గట్టి కఱ్ఱముక్కను బీటకు అడ్డముగా పలకలో పొదిగెను. అది రెక్కలు విప్పిన సీతాకోకచిలుకవలె నుండును. వెడల్పైన కొనలు ఇరుప్రక్కలను పట్టి యుంచుటచే బీట ఇక విచ్చుకొనజాలదు. ఆ బందును అతడు దాచక, బల్ల నడుమ అందరికి కనబడునట్లే విడిచెను. పలక అంచును సైతము రంపముతో సరిచేయక, చెట్టు పెరిగిన వంపుననే యుంచెను. బల్ల అడుగున దానిని చేయించుకొన్నవారి పేరు వ్రాసెడివాడు. ఆ వ్రాత నేడు అసలు బల్లను గుర్తించుటకు ఒక సాక్ష్యముగా నున్నది.

ఇక నొగూచి మాట. ఇతడు 1904లో లాస్ ఏంజెల్సు నగరమున జన్మించెను. తండ్రి యోనె నొగూచి జపాను కవి. తల్లి లియోనీ గిల్మోర్ అమెరికా రచయిత్రి. యౌవనమున పారిసు నగరమునకు పోయి, బ్రాంకుషి అను ప్రసిద్ధ శిల్పియొద్ద పనిచేసెను. 1942 నాటికి న్యూయార్కు నివాసి యగుటచే ఆ యుత్తరువు అతనిని తాకలేదు. అయినను తనవారికి తోడ్పడదలచి, తనంతట తానే అరిజోనా ఎడారిలోని పోస్టన్ శిబిరమున ప్రవేశించెను. అచ్చట తోటలు, ఆటస్థలములు నిర్మింపవలెనని పటములు గీసెను గాని అవి పటములుగనే మిగిలిపోయెను. లోనికి పోవుట సులభమైనను, వెలికి వచ్చుటకు అనుమతి దొరకుటకు నెలలు పట్టెను.

1951లో నొగూచి జపానులోని గీఫు పట్టణమునకు పోయెను. ఆ పట్టణము కాగితపు లాంతరులకు చిరకాలముగా పేరుపొందినది. క్షీణించుచున్న ఆ పరిశ్రమకు క్రొత్త త్రోవ చూపుమని పురాధ్యక్షుడు కోరగా, నొగూచి దీపముల నమూనాలు గీయ మొదలిడెను. వానికి అకారి అని పేరు పెట్టెను. అకారి యనగా జపాను భాషలో వెలుగు. ఆ పదమును వ్రాయు అక్షరములో సూర్యచంద్రుల గుర్తులు రెండును కలిసి యున్నవి. దీపములపై ముద్రించు గుర్తుకూడ సూర్యచంద్రులదే.

వానిని చేయు విధము ఇట్టిది. ముక్కలుగా విడదీయదగిన కొయ్య అచ్చుపై సన్నని వెదురు ఈనెను చుట్టుదురు. మల్బరీ జాతి చెట్ల లోబెరడు నారతో చేసిన కాగితమును పట్టీలుగా కోసి ఆ ఈనెలపై జిగురుతో అంటింతురు. ఆరిన పిమ్మట లోపలి అచ్చును విప్పి, ముక్క వెంబడి ముక్కను తీసివేయుదురు. మిగిలినది కాగితమును, వెదురును మాత్రమే. దానిని మడచి చిన్న పెట్టెలో పెట్టి ఎంత దూరమైనను పంపవచ్చును. పూర్వము లాంతరులో క్రొవ్వొత్తి యుండెడిది; నొగూచి విద్యుద్దీపము నుంచెను. ఆ దీపపు కాంతి నేరుగా కంటిని పొడుచును. నార కాగితము ఆ కాంతిని అన్ని వైపులకు చెదరగొట్టుటచే గదియంతయు సమానముగ వెలుగును, నీడలును మెత్తబడును. ఇవి కేవలము దీపములనియు శిల్పములు కావనియు అనువారు లేకపోలేదు. నొగూచి ఆ భేదమును ఒప్పుకొనలేదు. 1986లో వెనిసు నగర ప్రదర్శనమున అమెరికా పక్షమున నిలిచినప్పుడు, పాలరాతి శిల్పముతోపాటు ఈ కాగితపు దీపములనుకూడ ఉంచెను.

1988లో అమెరికా ప్రభుత్వము చట్టమూలమున శిబిరవాసులకు క్షమాపణ చెప్పి, జీవించియున్నవారికి తలకు 20,000 డాలర్ల పరిహారము నిర్ణయించెను. నొగూచి ఆ సంవత్సరాంతముననే మరణించెను. నకషిమా 1990లో మరణించెను. ఆ క్షమాపణ వచ్చుటకు ఎంతో ముందే, తమను అనుమానించిన దేశములోని ఇండ్లలో వారి చేతిపని గౌరవస్థానము పొందియుండెను.

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకు వత్తము. వెల వేఱు, విలువ వేఱు. నకషిమా స్వయముగ చేయించిన బల్లలు ఇక పెరుగవు, కోరువారు పెరుగుదురు; కావున వెల హెచ్చినది. అకారి దీపములను గీఫు పట్టణమున నేటికిని చేతితోనే చేయుచున్నారు. వాని వెల ఆ బల్లల వెలకు ఏ మాత్రమును సాటి రాదు. అంతమాత్రమున వాని విలువ తక్కువయని మేము చెప్పజాలము. త్రోసివేసిన పలకలోను, చిరుగు కాగితములోను ఉన్న గుణమును కనిపెట్టి, దానికి తగిన పని కల్పించుటయే ఈ రెండింటి విలువకు మూలము. వెల తెలిసినవారు అట్టి వస్తువును కొనగలరు. గుణము చూడనేర్చినవారే దానిని చేయగలరు.

కావున విద్యార్థులారా, మీరు కూర్చుండు బల్లను ఒకనాడు వంగి అడుగుభాగమున చూడుడు. పలక ఏ చెట్టుదో, రేఖలు ఎటు పోవుచున్నవో, కాళ్ళు ఎట్లు అతికినవో గమనింపుడు. తెలియనిచో మీ ఊరి వడ్రంగి నడుగుడు. పట్టభద్రుడైన నకషిమాకు వడ్రంగియొద్ద నేర్చుకొనుట చిన్నతనము కాలేదు. తల్లిదండ్రులుకూడ, విఱిగిన కుర్చీని వంటచెఱకు చేయకమునుపు, దానిని బాగుచేయు చేయి ఊరిలో నున్నదేమో విచారింపవలెనని మా మనవి.