ఫిన్లండు దేశపు పాఠశాలలలో నిత్యజీవనము

యూరపు ఖండమున నుత్తరపు కొసయందు ఫిన్లండను దేశము కలదు. విస్తీర్ణమున నది మన ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములు రెంటిని కలిపినదానికంటె పెద్దది. జనసంఖ్య మాత్రము సుమారు 56 లక్షలే. ఒక్క హైదరాబాదు నగరముననే అంతకు మించిన జనులు కలరు. భూమిలో నధికభాగము అడవి. మిగిలినదానిలో వేలకొలది సరస్సులు. ఇట్టి దేశమును గూర్చి లోకమున నుపాధ్యాయు లెవ్వరును తలంపని కాలముండెను. 2000 సంవత్సరమున పెక్కు దేశములలో పదునైదేండ్ల బాలబాలికలకు చదువునందు, గణితమునందు, ప్రకృతిశాస్త్రమునందు ఒకే పరీక్ష జరిపిరి. 2001 డిసెంబరులో ఫలితములు వెలువడగా చదువునందు ఫిన్లండు ప్రథమస్థానము నందెను. నాటినుండి మంత్రులును, పత్రికావిలేఖరులును, ఉపాధ్యాయులును తీర్థమునకు బోయినట్లు అచటికి పోవుచు, ఆ విజయరహస్యమేమని ప్రశ్నించుచున్నారు.

నేనును పోయి, ఒక నవంబరు మాసమున కొన్ని దినములు హెల్సింకి నగరప్రాంతమందలి పాఠశాలలలో వెనుకబల్లపై కూర్చుండి చూచితిని. రహస్యమనదగిన దేదియు కనబడలేదు. కనబడినవి నిత్యము జరుగు చిన్న సంగతులు. వానినే యిచట వ్రాయుచున్నాను.

నవంబరు నెలాఖరున హెల్సింకిలో సూర్యోదయము దాదాపు తొమ్మిది గంటలకు. మధ్యాహ్నము మూడున్నర కాకముందే అస్తమయము. దేశపు టుత్తరపు టంచున నున్న ఉత్స్‌యోకి గ్రామమున నవంబరు చివరినుండి జనవరి నడుమవరకు సూర్యు డసలే యుదయింపడు. కావున పిల్లలు చీకటిలోనే బడికి వత్తురు. ఏడెనిమిదేండ్ల పిల్లలు పెక్కుమంది పెద్దల తోడు లేకయే నడచియో సైకిలుపైనో వచ్చుచుండిరి. ప్రతివాని చొక్కాకును సంచికిని చిన్న బిళ్ల యొకటి వ్రేలాడుచుండును. బండి దీపము సోకినంతనే అది తళుక్కుమని మెఱయును. ఇల్లు బడికి 5 కిలోమీటర్లకు మించిన దూరమున నున్నచో పిల్లవానిని ఉచితముగా చేర్చు భారము పురపాలకసంఘముదే. అడవినడుమ నొంటరిగా నున్న యింటినుండి యొక్క పిల్లకొఱకు టాక్సీ వచ్చుటయు కలదు.

బడి నడవలో పాదరక్షలు వరుసగా పెట్టి మేజోళ్లతోనే తరగతిలోనికి పోవుదురు. మంచును బురదను లోనికి రానీయకుండుటకే యిది యేర్పడినది. పాదరక్షలు విడిచి యింట నడుగుపెట్టు మనకు వింత కాదు. వింతయైనది పిలుపు. ఉపాధ్యాయుని పేరుపెట్టియే పిలుతురు; లేనిచో ‘ఓపె’ యందురు. ఉపాధ్యాయుడను అర్థముగల ‘ఓపెత్తాయ’ అను మాటను కుదించినచో ఆ ముద్దుపే రగును. ‘అయ్యా’ యనకుండ నోరు తెఱవని మన పిల్లలను తలచుకొని మొదట నా చెవి కది కటువుగా దోచెను. కాని పేరుపెట్టి పిలిచిన ఆ బాలుడే, గురువు మెల్లగా నొకమాట చెప్పినంతనే పని చేయుట చూచితిని. మర్యాద యచట పిలుపులో గాక వినికిలో నున్నదని తోచినది. అయినను మన పిలుపును మనము మార్చుకొనవలెనని నే ననను. అది మన భాషలోని సొంపు.

పాఠమునకు గంటకాల మేర్పఱచినచో అందు 45 నిమిషములకు తక్కువగాకుండ బోధన జరుగవలెను. మిగిలిన పావుగంట విరామము. ఆ విరామమున పిల్లలు బయటికి పోవలసినదే. వాన యైనను, మంచు పడుచున్నను, మిక్కిలి తీవ్రమైన చలి యున్నప్పుడు తప్ప మినహాయింపు లేదు. తొడుగుల మీద తొడుగులు వేసికొని వారు బయటికి పోవుటకే కొంత సేపు పట్టును. ఒకటవ తరగతి పిల్లలకు చేతితొడుగులు దొరకవు, టోపీలు తారుమారగును. ఉపాధ్యాయిని యొక్క మాటయు తొందరపెట్టక నిలుచుండును. తమ వస్త్రములను తాము తొడుగుకొనుటయు చదువులో భాగమేనని ఆమె నిలుకడ తెల్పుచుండెను.

ఏడవయేట ఒకటవ తరగతి. అంతకు ముం దొక సంవత్సరము పూర్వప్రాథమిక విద్య 2015 నుండి తప్పనిసరి యైనది. అందు ఆటపాటలే మెండు. ఇంత యాలస్యముగా మొదలుపెట్టియు చదువుట త్వరగా నెట్లు వచ్చుననగా, వారి భాషకు వ్రాత పలుకుబడి ననుసరించియే యుండును. ఒక యక్షరమున కొకే ధ్వని. హ్రస్వదీర్ఘములకు అర్థభేదము మనకువలెనే కలదు: ‘తులి’ యన నిప్పు, ‘తూలి’ యన గాలి, ‘తుల్లి’ యన సుంకపుచావడి. పదములు పెక్కు అచ్చుతో ముగియుటచే వినుటకు మన అజంతభాషవలె నుండును. ‘ఆపినెన్’ అను మొదటి వాచకమున మాటలను గుణింతపు ముక్కలుగా విడదీసి నడుమ చిన్న గీత పెట్టుదురు. ఆ పుస్తకములకు కోడిపుంజు గుఱుతు. చక్కగా చదివిన బిడ్డకు రాత్రివేళ ఆ పుంజు పుటల నడుమ ద్రాక్షపండో నాణెమో పెట్టిపోవునని పూర్వము తల్లులు చెప్పెడివారట! పెట్టునది తల్లియే యని వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈ చదువుపట్టుదల నిన్నటిది కాదు. మీకాయెల్ అగ్రికోలా యను సంస్కర్త 1543లో ఫిన్నుభాషలో మొదటి వర్ణమాలాపుస్తకమును, 1548లో క్రొత్తనిబంధనను అచ్చువేయించెను. ఆ దేశము స్వీడను రాజ్యమున నున్నపుడు వెలువడిన 1686 నాటి సంఘశాసనము ప్రజలెల్లరు చదువనేర్చి దైవవాక్యమును స్వయముగా చూడవలెనని కోరెను. పాదిరులు పల్లెలకు వచ్చి ఇరుగుపొరుగువారి నొకయింట చేర్చి చదివించి పరీక్షింతురు. ఈ కూటములకు ‘కింకెరిత్’ అని పేరు. చదువరానివానికి సంస్కారము దొరకదు. సంస్కారము లేనివానికి పెండ్లియు లేదు. నేటి ఫిన్లండు పిల్లలు గ్రంథాలయమునుండి చంకనిండ పుస్తకములు తెచ్చుకొనుట కా పాతభయ మొక పునాది యనినచో అసత్యము కాదు.

ఇక మధ్యాహ్నభోజనము. పదిన్నర, పదునొకండు గంటలకే మొదలగును గాన దానిని పూర్వాహ్ణభోజన మనుట మేలు. ప్రవేశద్వారముచెంత నొక నమూనా పళ్లెముంచుదురు: సగము కాయకూరలు, పాతిక బంగాళాదుంపలు, పాతిక చేపయో మాంసమో. దానిని చూచి పిల్లలు తామే వడ్డించుకొందురు. ప్రక్కన పాలు, రై ధాన్యముతో చేసిన పెళపెళలాడు నెండురొట్టె. గురువారము బఠాణీ పులుసు, దానివెంట అట్టు. కాథలిక్కు కాలమున శుక్రవారపు టుపవాసమునకు ముందు కడుపునిండ తినుటకై యీ యాచార మేర్పడెనని చెప్పుదురు. చిన్నతరగతుల ఉపాధ్యాయులు పిల్లల బల్లయొద్దనే కూర్చుండి తిందురు. తిన్నపిదప ఎవరి పళ్లెమును వారే తీసికొనిపోయి మిగులును చెత్తతొట్టిలో విదిలించి పేర్పులో నుంచవలెను. అవి కడుగు స్త్రీకి ‘కీతోస్’, అనగా వందనమని చెప్పక పోయిన పిల్లవాడొక్కడును నాకు కనబడలేదు.

ఈ భోజనమునకు సొమ్ము లేదు, చీటీయు లేదు, బీదవాడెవ్వడు, కలవాడెవ్వడు నను పట్టికయు లేదు. శాసనము 1943లో, యుద్ధము నడుచుచుండగా, చేయబడెను. తినుటకు చాలని దినములవి. అయిదేండ్ల గడువు పెట్టి 1948 నాటికి దేశమంతట అమలుపఱచిరి. శాసనమునం దొక నిబంధన ముచ్చటైనది: బడివేళలకు వెలుపల పిల్లలు వంటశాలకొఱకు కూరలు పండించుటకును, అడవిపండ్లు ఏరుటకును కొంత పని చేయవలసి యుండును. అడవినుండి బుట్టలతో ఎఱ్ఱని లింగన్‌బెర్రీ పండ్లు తెచ్చిన బడిపిల్లల కథలు వృద్ధులు నేటికిని చెప్పుకొందురు. దేశము సంపన్నమైన పిమ్మట బడిలో భోజనము పెట్టలేదు. బీదదై యున్నప్పుడే పెట్టెను. ఈ సంగతిని చదువరులు గమనింతురుగాక.

భోజనానంతరము చేతిపని పాఠము. ఒక గదిలో ఱంపములు, చిత్రికలు. వేఱొకగదిలో కుట్టుయంత్రములు, మగ్గములు. నేను చూచిన తరగతిలో బాలు డొకడు మేజోడు అల్లుచు మడమయొద్ద చిక్కుపడి విప్పి మరల అల్లుచుండెను. బాలిక యొకతె కొయ్యపీటకు కాళ్లు బిగించుచుండెను. వెనుక బాలురకు కొయ్యపని, బాలికలకు గుడ్డపని యని విభాగముండెడిది. 2016లో అమలులోనికి వచ్చిన పాఠ్యప్రణాళిక ననుసరించి ఇద్దఱును రెండును నేర్తురు. ఏడవ తరగతిలో గృహవిజ్ఞాన మందఱికిని తప్పదు. వంట చేయుట, గిన్నెలు తోముట, బట్టలుతుకుట అందలి పాఠములు.

ఈ చేతిపనికి మూలపురుషుడు ఊనో సిగ్నేయుస్ అను లూథరన్ పాదిరి. 1810లో జన్మించెను. 1840 మొదలు 1845 వరకు అలాస్కాలోని సిట్కా రేవుపట్టణమున, అది రష్యావారి యధీనమున నున్నపుడు, అచటి లూథరన్ సంఘమునకు సేవచేసెను. స్వదేశమునకు మరలివచ్చి జర్మనీ, స్విట్జర్లండు మున్నగు దేశముల పాఠశాలలను చూచి, 1863లో యూవాస్కూలా పట్టణమున ఫిన్నుభాషలో నుపాధ్యాయులకు శిక్షణమిచ్చు మొదటి విద్యాలయమున కధిపతి యయ్యెను. 1866 నాటి ప్రజాపాఠశాలాశాసన మాతని యూహలపై నిర్మితము. చేయి నేర్వనిది తల నిలువదని ఆతని నమ్మకము. వృత్తి నేర్పుటకై గాక మనుష్యుని తీర్చుటకై చేతిపని నేర్పవలె ననెను. మిషనరీ బ్రతుకునుండి యొక దేశపు విద్యకు తండ్రియైన వానిని మన పాఠశాలవారు తెలిసికొనుట యుక్తము.

నేను చూచినవానిలో మిక్కిలి ముఖ్యమైనది అందఱిలోను తక్కువగా కనబడునది. ఒక గణితపాఠము నడుమ ఒక యుపాధ్యాయిని వచ్చి యిద్దఱు పిల్లలను తనవెంట దోడ్కొనిపోయెను. అరగంటకు వారు తిరిగివచ్చి తమచోట కూర్చుండిరి. ఇతరు లెవ్వరును తలయెత్తి చూడలేదు. ఆమె వెనుకబడినవారికి సాయముచేయుటకై వేఱుగ శిక్షణ పొందిన ఉపాధ్యాయిని. పరీక్ష తప్పినపిమ్మట గాక, తడబాటు మొదలైనవారముననే ఆమె వచ్చును. పెక్కుమంది పిల్లలు ఎప్పుడో యొకప్పుడు ఆ గదికి పోయినవారే కనుక అచట సిగ్గు లేదు.

ఈ యేర్పాటు ఒక పోరాటఫలము. 1970ల వరకు పదునొకండేండ్ల యీడున పిల్లలు రెండుగా చీలెడివారు. పరీక్ష నెగ్గి రుసుము చెల్లింపగలవారు పై చదువుల పాఠశాలకు. మిగిలినవారు ప్రజాపాఠశాలలోనే యుండి పనిపాటలకు. 1968 నాటి శాసనము ఈ రెంటిని కలిపి తొమ్మిదేండ్ల యొక్క పాఠశాల నేర్పఱచెను. అది 1972లో అన్నిటికంటె వెనుకబడిన ఉత్తరపు లాప్‌లండునుండి మొదలై, దక్షిణముగా దిగివచ్చి 1977లో రాజధానిప్రాంతమున ముగిసెను. చదువు పలుచనగునని పెద్దపాఠశాలలవారు గట్టిగా నెదిరించిరి. ఆ భయమునకు లొంగి గణితమునను భాషలలోను పిల్లలను మూడు మెట్లుగా విభజించి ఉంచిరి. క్రింది మెట్టువానికి పైచదువు త్రోవ మూసికొనెను. 1985లో ఆ మెట్లును తీసివేసిరి. అందఱి నొకే గదిలో కూర్చుండబెట్టినపుడు వెనుకబడినవానిని చేయిపట్టి నడపక తప్పదు. మేజోళ్లు, విరామములు, పేరుపెట్టి పిలుచుటలు చూచి సంతోషించి మరలిపోవువారు ఆ చిన్నగదిని చూడక పోవుదురు. స్వేచ్ఛ యున్నదనుట నిజమే. దానిక్రింద పెద్దల కన్ను ఎడతెగక యున్నది.

ఉపాధ్యాయుడగుటకు విశ్వవిద్యాలయమున అయిదేండ్లు చదివి మాస్టరుపట్టము పొందవలెను. ప్రవేశము కోరువారిలో కొలదిమందికే దొరకును. 1990ల ఆరంభమున పాఠశాలల తనిఖీని తీసివేసిరి. తొమ్మిదేండ్లలో దేశమంతటికి నొక్కటియైన సార్వత్రికపరీక్ష లేదు. అట్టిది పైపాఠశాల చివర మాత్రమే. 1852 నుండి సాగుచున్న ఆ పరీక్ష నెగ్గినవారు తెల్లటోపీ ధరింతురు. చిన్నవారి సంవత్సరము మే నెలాఖరున గాని జూను మొదట గాని ముగియును. ఆనాడు ‘సువివిర్సి’ యను వేసవికీర్తన పాడి యోగ్యతాపత్రములు పంచుదురు. అందు దేవుని నామమున్నదని ఆక్షేపణ వచ్చినపుడు, 2014లో శాసనసభయొక్క రాజ్యాంగవిషయక సంఘము దానిని పాడవచ్చునని తెల్పెను.

అంతయు వెలుగే యని వ్రాసినచో నది చదువరులను మోసగించుట. 2006లో గణితమున 548 గా నున్న వారి సగటు 2022లో 484 కు దిగెను. చదువునందు 2000లో 546, 2022లో 490. బాలురు చదువునందు బాలికలకంటె మిక్కిలి వెనుకబడి యున్నారు; తల్లిదండ్రుల స్థితినిబట్టి పిల్లల ఫలితములు మాఱుటయు హెచ్చినది. కొందఱు చేతిఫోనులను, కొందఱు తగ్గించిన వ్యయమును, కొందఱు పిల్లలకే పాఠము వదలివైచు క్రొత్తపద్ధతులను నిందింతురు. ఏదో యొక్కటే కారణమని చెప్పువానిని నేను నమ్మను. 2025 ఆగస్టునుండి పాఠము జరుగువేళ ఫోనుల వాడుకను చట్టము కట్టడిచేసినది; చిన్నతరగతులలో మాతృభాషకును గణితమునకును గంటలు హెచ్చించిరి. వెనుకబడినవాని నా చిన్నగదికి పిలుచు ఉపాధ్యాయిని పని మాత్రము ఎప్పటివలెనే సాగుచున్నది. ఆమె పట్టికలో పేళ్లు పెరిగినవి.