చేతితో పోసిన రాయి

విజయవాడ నుండి హైదరాబాదునకు పోవు రాజమార్గముపై నందిగామ, జగ్గయ్యపేట అను పట్టణములు కలవు. ఇవి పూర్వము కృష్ణా జిల్లాలోని మెట్ట ప్రాంతమునకు చెందినవి. 2022వ సంవత్సరమున ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. జగ్గయ్యపేట పరిసరములలో నేల క్రింద సున్నపురాయి పొరలు పొరలుగా పరచుకొని యున్నది.

ఈ రాతిని మనవారు ప్రాచీన కాలముననే గుర్తించిరి. జగ్గయ్యపేట చెంతనున్న గుట్టపై ఒక బౌద్ధ స్తూపముండెను. 1882వ సంవత్సరమున జేమ్సు బర్జెస్ అను పండితుడు దానిని త్రవ్వించి పరిశీలించెను. అచట లభించిన సున్నపురాతి పలకలలో మాంధాత చక్రవర్తి శిల్పము మిక్కిలి ప్రసిద్ధమైనది. అది నేడు చెన్నై నగరమున ప్రభుత్వ ప్రదర్శనశాలలో నున్నది.

నాటి శిల్పి రాతిని చెక్కెను. నేటి మేస్త్రి రాతిని పోయుచున్నాడు. చెక్కు రాతిలో పగులున్నచో ఉలి తగులగనే తెలియును. శిల్పి దానిని విడిచి వేరొక రాతిని తెచ్చుకొనును. పోసిన రాతిలోని లోపము మాత్రము లోపలనే దాగి యుండును. అందుచేత కాంక్రీటు పని చేయువానికి నేర్పుతోపాటు నిజాయితీ కూడ కావలయును.

జగ్గయ్యపేట దగ్గరి జయంతిపురమునను, ముక్త్యాలలోను సిమెంటు కర్మాగారములు కలవు. సున్నపురాతిని, బంకమన్ను వంటి పదార్థములను మెత్తగా పొడిచేసి, సుమారు 1450 డిగ్రీల వేడిలో కాల్చుదురు. అప్పుడు ఏర్పడిన గట్టి ఉండలతో కొంచెము జిప్సము చేర్చి మరల పొడి చేయుదురు. అదియే సిమెంటు. జిప్సము లేకున్నచో నీరు తగిలిన వెంటనే సిమెంటు బిగిసి, పని సాగదు.

ఇంటి కప్పు పోయు విధము చూడుడు. ముందుగా సరుగుడు కర్రలు నిలిపి, వానిపై పలకలు పరచి, అచ్చు సిద్ధము చేయుదురు. దీనిని సెంట్రింగు అందురు. దానిపై ఇనుప ఊచలను అల్లుదురు. కాంక్రీటు బరువును మోయగలదు గాని, సాగదీసినచో త్వరగా పగులును. కప్పు మధ్య భాగము బరువునకు క్రిందికి వంగజూచును. అప్పుడు అడుగు వైపు సాగును. ఆ లాగుడును ఊచలు భరించును. వేడికి ఇనుము, కాంక్రీటు ఇంచుమించు సమముగా వ్యాకోచించుటచే ఈ రెండింటి పొత్తు చెడదు. ఊచల క్రింద చిన్న సిమెంటు బిళ్లలను పెట్టుదురు. అట్లు చేయనిచో ఊచలు అచ్చునకు ఆని, తరువాత గాలికి, తేమకు తుప్పు పట్టును.

సిమెంటు, ఇసుక, కంకర, నీరు కలిపినదే కాంక్రీటు. వీనిలో నీటి విషయముననే ఎక్కువ పొరపాటు జరుగును. 50 కిలోగ్రాముల బస్తాకు రమారమి 25 లీటర్ల నీరు చాలును. మిశ్రమము గట్టిగా నున్నప్పుడు కలుపువానికి శ్రమ కలుగును. “మేస్త్రీ, పార ఆడుట లేదు. ఇంకొక బిందెడు నీళ్లు పోయుదునా?” అని కూలివాడు అడుగును. మంచి మేస్త్రి, “వద్దు నాయనా. ఇప్పుడు నీకు పని తేలికగును గాని, ఆ యింటివారికి కప్పు కారును” అని వారించును. అధికమైన నీరు క్రమముగా ఆవిరియై పోవును. అది యుండిన తావులు సన్నని రంధ్రములుగా మిగులును. నీటి పాలు పెరిగిన కొలది కాంక్రీటు బలము తగ్గునని డఫ్ ఏబ్రమ్స్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1918లో నిరూపించెను.

కలిపిన కాంక్రీటును వెంటనే పోయవలయును. నడుమ చాలసేపు ఆపినచో పాత పోత బిగిసి, క్రొత్తది దానితో ఏకము కాదు. ఆ అతుకు గుండ నీరు దిగును. పోసినదానిని చక్కగా కూరవలయును. లేకున్నచో లోపల తేనెపట్టు వలె బెజ్జములు మిగులును.

కాంక్రీటు ఎండి గట్టిపడునని పలువురు తలంతురు. అది సరికాదు. సిమెంటు నీటితో రసాయనికముగా కలిసి గట్టిపడును. నీరు ఎండిపోయినచో ఆ క్రియ ఆగిపోవును. ఈ మెట్ట ప్రాంతమున వేసవి యెండ తీవ్రము. కావున కప్పుపై వరిమడి వలె గట్లు కట్టి నీరు నిలుపుదురు. ఎండకాలమున కనీసము పది దినములు, బూడిద కలిపిన సిమెంటు అయినచో పదునాలుగు దినములు తడి ఆరనీయరాదు. తొందరపడి క్రింది కర్రలు తీయరాదు.

ముక్త్యాలకు సమీపమున కృష్ణానదిపై పులిచింతల ఆనకట్ట కలదు. దీనిని 2013 డిసెంబరు 7వ తేదీన జాతికి అంకితము చేసిరి. ఇట్టి పెద్ద కట్టడములలో మరియొక చిక్కు కలదు. సిమెంటు గట్టిపడునప్పుడు వేడి పుట్టును. పలుచని కప్పులో అది త్వరగా వెలువడును. దళసరి పోతలో లోపలనే నిలిచి పగుళ్లు కలిగించును. అందుచే పెద్ద కట్టడమును భాగములుగా విభజించి, వరుస వెంట వరుసగా పోయుదురు. ఈ జలాశయమునకు డాక్టరు కె. ఎల్. రావు పేరు పెట్టిరి. కృష్ణా జిల్లాలో జన్మించిన ఆ మహనీయుడు బర్మింగుహాము విశ్వవిద్యాలయమున 1939లో డాక్టరు పట్టము పొంది, కేంద్ర ప్రభుత్వమున నీటిపారుదల మంత్రిగా పనిచేసెను.

కాంక్రీటు పోయునప్పుడు పదిహేను సెంటిమీటర్ల ఘనములు కొన్ని పోసి, 28 దినముల తరువాత యంత్రమున నలిపి బలము పరీక్షింతురు. అప్పటికి కట్టడము నిలిచియే యుండును. పరీక్ష తప్పును చూపగలదు గాని, దానిని సులభముగా దిద్దజాలదు. ఆ కప్పు క్రింద రేపు పసిపిల్లలు నిద్రింతురు. వారెవరో మేస్త్రికి తెలియదు. ఎంత నీరు పోసినది వారికి తెలియదు. అతడు వద్దన్న బిందెడు నీరే వారికి రక్ష.