స్క్రీన్ రీడర్‌తో ఈమెయిళ్ల బదిలీ: కొన్ని జాగ్రత్తలు

నిరుడు మా తరగతిలోని చూపులేని విద్యార్థి ఒకడు తన పాత ఈమెయిల్ పెట్టెను ఖాళీ చేయవలసి వచ్చింది. అది అతడు పూర్వం చదివిన విద్యాసంస్థ ఇచ్చినది. నెల తిరిగేసరికి మూసివేస్తామని కబురు వచ్చింది. స్కాలర్‌షిప్ పత్రాలు, మార్కుల జాబితాలు, స్నేహితులు చదివి రికార్డు చేసి పంపిన పాఠాలు అందులోనే ఉన్నాయి. వాటిని అతని సొంత పెట్టెకు చేర్చే పనిలో మేము తోడుగా కూర్చున్నాము. కంప్యూటరు తెలుసునన్న ధీమా మాకు కొంత ఉండేది.

అతడు వాడే స్క్రీన్ రీడర్ పేరు ఎన్‌వీడీఏ. తెరమీది అక్షరాలను గొంతుతో చదివి వినిపించే సాధనమిది. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ 2006లో దీనిని ప్రారంభించగా జేమ్స్ టే తోడైనారు. ఇరువురూ చూపులేనివారే. దీనికి వెల లేదు. దీనితో వచ్చే ఈస్పీక్ గొంతులలో తెలుగు, ఉర్దూ రెండూ ఉండడం మన కళాశాలకు సంతోషకరం.

రెండు పెట్టెలనూ థండర్‌బర్డ్‌లో కలిపి పని మొదలుపెట్టాము. కంటికి ఒక ప్రక్క ఫోల్డర్లు, మరొక ప్రక్క ఉత్తరాల జాబితా ఒక్కసారిగా కనిపిస్తాయి. చెవికి అట్లు కాదు. కీబోర్డు ఏ చోట నిలిచి ఉన్నదో ఆ చోటు మాత్రమే వినిపిస్తుంది. ఫోల్డర్ల వరుసలో ఒక అక్షరం నొక్కితే దానితో మొదలయ్యే ఫోల్డరుకు పోతాము. ఉత్తరాల జాబితాలో అదే అక్షరం ఆజ్ఞ అవుతుంది. ‘అడ్మిషన్’ ఫోల్డరు కోసం ఆంగ్లాక్షరం ‘ఎ’ నొక్కమని మేమే చెప్పాము. అప్పుడతడు ఉత్తరాల జాబితాలో ఉన్నాడు. అక్కడ ‘ఎ’ అంటే ఆర్కైవ్‌కు పంపుట. ఉత్తరం వెళ్లిపోయింది, గొంతు మాత్రం తరువాతి ఉత్తరం పేరును నిబ్బరంగా చదివింది. పని కాలేదనుకొని మరల నొక్కించాము. ఐదు ఉత్తరాలు పోయినట్లు తెలిసేసరికి మా ధీమా కూడా వాటితోనే పోయింది. అవి ఆర్కైవ్స్‌లో సంవత్సరం పేరుగల ఫోల్డరులో దొరికాయి. ‘జె’ నొక్కించి ఉంటే చెత్త ఉత్తరాలుగా ముద్రపడేవి.

కనుక ఏ అక్షరమైనా నొక్కకముందు ఇన్సర్ట్, ట్యాబ్ కలిపి నొక్కి, ఎక్కడ ఉన్నామో వినవలెను. ఎఫ్6తో ఒక భాగం నుండి మరొక భాగానికి మారవచ్చును. షిఫ్టు, ఎఫ్10 కలిపి నొక్కితే వచ్చే మెనూలో ‘మూవ్ టు’, ‘కాపీ టు’ అనే రెండు మాటలు వినిపిస్తాయి. మేము కోరేది రెండవదానిని.

కారణం చెబుతాము. ఈ పెట్టెలు ఐమాప్ అనే పద్ధతిపై నడిచేవి. మార్క్ క్రిస్పిన్ 1986లో రూపొందించిన ఈ పద్ధతిలో చాలాకాలం తరలింపు ఆజ్ఞే లేదు. ప్రతి తీయుట, అసలుపై తొలగింపు గుర్తు పెట్టుట, పిదప తుడిచివేయుట, ఈ మూడూ కలిసినదే తరలింపు. 2013లో ‘మూవ్’ ఆజ్ఞ చేరినా అది ఒకే సర్వరులోని ఫోల్డర్లకే పనికివస్తుంది. వేర్వేరు సర్వర్లలోని పెట్టెల మధ్య నేటికీ ప్రతి తీసి అసలును తొలగించడమే జరుగుతుంది. ఆ తొలగించే మెట్టును యంత్రానికి వదలక మన చేతిలో ఉంచుకొనవలెను.

మరొక చిక్కు. ఒకే విషయంపై సాగిన ఉత్తరాలు మడతపెట్టి ఉన్నప్పుడు పై ఉత్తరం పేరే వినిపిస్తుంది గాని లోపలివన్నీ కదులుతాయి. ఆ అమరికను ముందే తీసివేయవలెను.

విడతకు 25 ఉత్తరాల చొప్పున ప్రతులు తీశాము. ప్రతి విడత తరువాత కొత్త ఫోల్డరు ‘ప్రాపర్టీస్’ తెరచి సంఖ్య విన్నాము. మొదటి ఉత్తరాన్ని, చివరి ఉత్తరాన్ని, జతపరచిన ఫైళ్లను తెరిచి చూశాము. ఒక విడతలో 24 మాత్రమే వచ్చాయి. పాఠం రికార్డింగు ఉన్న పెద్ద ఉత్తరం ఒకటి దాటలేదు. అసలు పాత పెట్టెలోనే ఉన్నందున ఆ రికార్డింగును కంప్యూటరులో విడిగా దాచుకొన్నాము. పాత ఉత్తరాలలో ఒక్కదానిని కూడా మూసివేసే రోజు వరకు అతడు తొలగించలేదు.