మన మసీదులను చూడడం నేర్చుకుందాం



బడి పిల్లలను హైదరాబాదు విహారయాత్రకు తీసుకువెళ్ళినప్పుడల్లా తిరుగు ప్రయాణంలో ఒక ప్రశ్న వేస్తుంటాను. "చార్మినార్‌లో ఏం చూశారు?" అంటే "నాలుగు మినార్లు సార్" అని అందరూ ఒకేసారి చెబుతారు. "ఇంకా?" అంటే గాజుల దుకాణాలు, జనం, పావురాలు. పిల్లలను అనడానికేమీ లేదు. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడని పాఠంలో ఉంటుంది, పరీక్షకు అది చాలు. కట్టడం ముందు నిలబడి దాన్ని ఎలా చూడాలో వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. చాలా ఏళ్ళ వరకు నాకూ తెలియదు.

సంగీతం, చిత్రలేఖనం, శిల్పం, కవిత్వం లలితకళలని అందరం ఒప్పుకుంటాం. వాటి సరసన కూర్చోవలసిన వాస్తుకళ మాత్రం మన వాడుకలో వీధి తలుపు ఏ దిక్కున ఉండాలన్న చర్చగా మిగిలిపోయింది. నిజానికి మనం రోజూ వాడుకునే కళ ఇదొక్కటే. పాట నచ్చకపోతే వినడం మానేయవచ్చు. కట్టడం అలా కాదు, అందులోనే నమాజు చదువుతాం, చదువుకుంటాం, కాపురం ఉంటాం. కట్టడం గట్టిగా ఉండాలి, పనికి రావాలి, అందంగా ఉండాలి అని రెండు వేల ఏళ్ళ కిందటే విట్రూవియస్ అనే రోమన్ వాస్తుశిల్పి చెప్పాడు. మొదటి రెండింటి గురించి మనం మేస్త్రీని పదిసార్లు అడుగుతాం. మూడోదాన్ని రంగుల దుకాణానికి వదిలేస్తాం.

చూడడం నేర్చుకోవడానికి చార్మినార్ కంటే చిన్న కట్టడం అనువుగా ఉంటుంది. గోల్కొండకూ పాతబస్తీకీ మధ్య కార్వాన్‌లో తోలీ మసీదు ఉంది. కుతుబ్‌షాహీల చివరి కాలంలో, 1671లో మూసా ఖాన్ అనే ఉద్యోగి కట్టించాడు. అక్కడ నిలబడ్డామనుకుని ఈ పాఠం చదవండి.

మొదట, దూరం నుంచి చూడాలి. వెళ్ళగానే గోడ దగ్గరకు పోకండి. ఎత్తయిన అరుగు, దాని మీద వరుసగా ఐదు కమానులు, రెండు పక్కలా రెండు మినార్లు. ఒక కన్ను మూసి, అరచేతిని అడ్డుపెట్టి ఒక మినార్‌ను కప్పి చూడండి. కట్టడం ఒక పక్కకు ఒరిగినట్టు అనిపిస్తుంది. చెయ్యి తీస్తే మళ్ళీ కుదురుకుంటుంది. తూకం అంటే ఏమిటో పిల్లలకు ఇంతకంటే సులువుగా చెప్పే పద్ధతి నాకు తెలియదు.

రెండవది, ఖాళీని చూడాలి. చిత్రకారుడికి రంగు ఎలాగో కట్టేవాడికి ఖాళీ స్థలం అలాగ. ఎండలో ఉన్న ఆవరణ నుంచి ఐదు కమానుల బయటి హాలులోకి వస్తాం. అక్కడి నుంచి మూడు కమానుల లోపలి హాలులోకి వెళతాం. ఐదు మూడవుతాయి, వెలుగు తగ్గుతుంది, చల్లదనం పెరుగుతుంది, చూపు మెహ్రాబ్ వైపు తిరుగుతుంది. "మాట్లాడకండి" అని ఎక్కడా బోర్డు పెట్టనక్కర లేకుండానే మన గొంతు తగ్గుతుంది. మనసును నమాజుకు సిద్ధం చేసే పనిలో సగం ఆ కట్టడమే చేసిపెడుతుంది.

మూడవది, బరువు ఎటు పోతోందో చూడాలి. కమాను మధ్యలో దూలం లేదు, ఇనుప చువ్వ లేదు. రాళ్ళో ఇటుకలో ఒకదాన్నొకటి నొక్కుకుంటూ పైబరువును రెండు పక్కల స్తంభాలకు, అక్కడి నుంచి నేలకు దింపుతాయి. ఇద్దరు పిల్లలను ఎదురెదురుగా నిలబెట్టి, అరచేతులు ఆనించి ఒకరి మీదకు ఒకరిని వాలమనండి. ఇద్దరూ పడకుండా నిలుస్తారు. ఒకరు తప్పుకుంటే రెండోవారు పడిపోతారు. కమాను అంటే అదే.

నాలుగవది, చేతిపనిని చూడాలి. మన మసీదుల్లో మనుషుల, జంతువుల బొమ్మలు ఉండవు కనుక పనివాళ్ళ నైపుణ్యమంతా పూలలోకి, లతల్లోకి, గణిత రూపాల్లోకి, అక్షరాల్లోకి వెళ్ళింది. తోలీ మసీదులో అది సున్నపు పనిగా కనిపిస్తుంది. తడి ఆరకముందే మలిచిన పని కాబట్టి పనివాడికి తప్పు దిద్దుకునే వ్యవధి ఎక్కువ ఉండదు. తర్వాత మక్కా మసీదుకు వెళ్ళండి. సుల్తాన్ ముహమ్మద్ కుతుబ్ షా కాలంలో మొదలై 1694లో ఔరంగజేబు పాలనలో పూర్తయిన ఆ మసీదు గ్రానైటుది. అక్కడ నగిషీ తక్కువ, గాంభీర్యం ఎక్కువ. గ్రానైటు మీద సన్నని లత చెక్కడం కష్టం, సున్నంలో అది సాధ్యం. ఏ పదార్థం ఏ పనికి ఒదుగుతుందో ఆనాటి పనివాళ్ళకు తెలుసు. రెండూ అందమైనవే, అందం వేరు వేరు.

ఐదవది, పూత. మన సంఘ సభ్యులకు, దాతలకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది దీని గురించే.

పాత కట్టడాల పూత డంగు సున్నంది. సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో బాగా నూరి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, మారేడు గుజ్జు వంటివి చేర్చేవారు. ఆ పూత గాలి పీలుస్తుంది. వానాకాలంలో గోడలోకి దిగిన తడిని ఎండాకాలంలో బయటికి వదులుతుంది. సిమెంటు అలా వదలదు. సున్నపు గోడ మీద సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కుకుపోతుంది. ఉప్పు పేరుకుంటుంది, పాత సున్నం పొడిపొడిగా రాలుతుంది. పైకి గోడ కొత్తగా కనిపిస్తున్నా లోపల గుల్లవుతూ ఉంటుంది. నూనె రంగు వేసినా, టైల్స్ అతికించినా జరిగేది ఇంచుమించు ఇదే.

మా ఊరి పాత మసీదుకు ఇదే జరిగింది. నా చిన్నతనంలో జ్యేష్ఠమాసపు ఎండలో కూడా జొహర్ నమాజుకు వెళితే గోడకు వీపు ఆనించి కూర్చోవాలనిపించేది. మెహ్రాబ్ చుట్టూ సున్నంతో చేసిన తీగ ఒకటి ఉండేది. ఇరవై ఏళ్ళ కిందట బాగుచేద్దామని అందరం చందాలు వేసుకున్నాం. తీగను చెక్కేసి, గోడలకు సిమెంటు పూసి, నిలువెత్తు టైల్స్ అతికించాం. ఆ శుక్రవారం అందరం మురిసిపోయాం. ఇప్పుడు ఇమాము సాహెబ్ ఖుత్బా ఇస్తే మాట మాట మీద పడి గింగురుమంటుంది, టైల్స్ కింద ఏటా తడి ఊరుతుంది. ఆ చందాలో నా నెల జీతం కూడా ఉంది. చెడ్డ మనసుతో ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ చేయలేదు. చూడడం తెలియకపోవడమే మా తప్పు.

సరిదిద్దుకునే దారి లేకపోలేదు. గోల్కొండ పక్కనే ఉన్న కుతుబ్‌షాహీ సమాధులను చూడండి. 2013లో మొదలుపెట్టి ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, రాష్ట్ర ప్రభుత్వం కలిసి వాటిని బాగుచేయించాయి. గత శతాబ్దంలో పూసిన సిమెంటును ఓపికగా తీసివేసి, మళ్ళీ సున్నమే పూయించారు. గుంబద్‌ల అడుగున ఉన్న తామరరేకులు మళ్ళీ తీర్చినట్టు కనిపిస్తున్నాయి. పాత పని తెలిసిన చేతులకు మళ్ళీ పని దొరికింది.

మసీదు మరమ్మతుకు చందా అడిగితే ఇవ్వడం మానవద్దు. అది సదకయే జారియా. ఇచ్చేముందు నాలుగు మాటలు అడగండి. ఈ గోడ సున్నానిదా, సిమెంటుదా? ఇప్పుడున్న పనికి ఫోటోలు తీసి పెట్టారా? సున్నపు పని తెలిసిన మేస్త్రీని ఒకసారి పిలిచి చూపించారా? రక్షిత కట్టడమైతే పురావస్తు శాఖ అనుమతి తీసుకున్నారా? కురిసే పైకప్పుకు, వజూ నీళ్ళకు, మరుగుదొడ్లకు ముందు ఖర్చు పెట్టమనండి. బాగున్న పాత గోడను కప్పడానికి పెట్టే డబ్బు వృథా ఖర్చే, వృథా ఖర్చును మన ధర్మం మెచ్చదు. ఆ డబ్బుతో ఒక విద్యార్థి ఫీజు కట్టవచ్చు.

పిల్లల కోసం ఇంకొక్క మాట. సెలవుల్లో ఒక ఉదయం వాళ్ళను మీ ఊరి పాత మసీదుకో, దర్గాకో, కోటకో తీసుకువెళ్ళండి. తెల్లకాగితం, పెన్సిలు ఇచ్చి ఒక్క కమానును చూసి గీయమనండి. బొమ్మ బాగా రాకపోయినా ఫరవాలేదు. అరగంట సేపు ఒక కమానును చూసిన పిల్లవాడు పెద్దయ్యాక దాన్ని పగలగొట్టించడు.

తోలీ మసీదుకు దమ్రీ మసీదు అని మరో పేరు ఉంది. మక్కా మసీదు పనిని మూసా ఖాన్ పర్యవేక్షించాడని, అక్కడ ఖర్చయిన ప్రతి రూపాయికి ఒక దమ్రీ చొప్పున తనకు ముట్టిన సొమ్ముతో దీన్ని కట్టించాడని చెప్పుకుంటారు. దమ్రీ అంటే చాలా చిన్న నాణెం. దాతలు ఇచ్చే సొమ్ము చిన్నదా పెద్దదా అన్నది ఆ మసీదు ముందు నిలబడితే గుర్తుకు రాదు. దాన్ని ఎంత శ్రద్ధగా ఖర్చు పెట్టారో మాత్రం 350 ఏళ్ళ తర్వాత కూడా గోడల మీద కనిపిస్తూనే ఉంది.