గెలుపు దక్కని పందెము

నంద్యాల నుండి ఆళ్ళగడ్డకు పోవునపుడు తూర్పున నల్లమల కొండలు బారులు తీరి కానవచ్చును. ఎదురుగాలి వీచు దినమున ఆ బాటపై సైకిలు త్రొక్కినవారికి ఒక సంగతి తెలియును. ముందు పోవువాడు గాలిని చీల్చుకొని పోవలెను. వాని వెనుక అంటిపెట్టుకొని వచ్చువానికి శ్రమ తక్కువ. కావున చెలికాండ్రిరువురు కలిసి పోవునపుడు వంతులవారీగా ముందునకు వచ్చి శ్రమను పంచుకొందురు. పందెములో మాత్రము ఎవడును ఎదుటివానికొరకు గాలిని కాయడు. ఈ చిన్న విషయమే 1908వ సంవత్సరమున లండను నగరములో ఒక గొప్ప పందెమును వ్యర్థము చేసెను.

ఆధునిక ఒలింపిక్ క్రీడలు 1896లో ఏథెన్సు నగరమున ఆరంభమైనవి. సైకిలు పందెములు నాడే వానిలో చేరినవి. వానిలో ఒకదానికి స్ప్రింటు అని పేరు. ఏథెన్సులో 2000 మీటర్ల స్ప్రింటును ఫ్రాన్సు దేశీయుడగు పాల్ మాసన్ గెలిచెను.

1908లో ఒలింపిక్ క్రీడలు లండనులోని వైట్ సిటీ క్రీడాంగణమున జరిగెను. అచటి సైకిలు బాట చుట్టుకొలత 660 గజములు. స్ప్రింటు దూరము 1000 మీటర్లు. ఇట్టి పందెములో ప్రతివాడును ప్రత్యర్థిని ముందు పోనిచ్చి, వాని చాటున బలము దాచుకొని, తుదలో ఒక్కుమ్మడిగా దూకవలెనని చూచును. అందువలన కాలయాపన జరుగకుండుటకై నిర్వాహకులు ఒక నియమము నేర్పరచిరి. 1 నిమిషము 45 సెకండ్లలో ముగియని పందెము చెల్లదు. అనగా గంటకు సుమారు 34 కిలోమీటర్ల వేగము. ఇది మనకు అధికముగా తోచినను, ఆ వీరులకు కష్టమైనది కాదు.

తుది పందెమునకు నలుగురు నిలిచిరి. ఫ్రాన్సు దేశీయుడు మారిస్ షీల్ ఒకడు. బెంజమిన్ జోన్స్, విక్టర్ జాన్సన్, క్లారెన్స్ కింగ్స్‌బరీ అను మువ్వురు బ్రిటనువారు. పందెము మొదలగుటతోడనే జాన్సన్ టైరు పంక్చరయ్యెను. తుది మలుపు చెంత కింగ్స్‌బరీకిని అదే గతి పట్టెను. తక్కిన యిరువురిలో ఎవ్వడును ముందుగా వేగము పెంచుటకు సాహసింపలేదు. నీవు ముందంటే నీవు ముందని ఒకరి నొకరు కనిపెట్టుచు మెల్లగా సాగిరి. అది మన పాఠశాలల స్లో సైకిలు పందెమును తలపించునట్లుండెను. కట్టకడపట ఇరువురును దూకిరి. కొన్ని అంగుళముల తేడాతో షీల్ ముందు గీత దాటెను.

కాని గడియారము వేరొక తీర్పు చెప్పినది. గడువు దాటిపోయెను. పందెము చెల్లదని ప్రకటించిరి. దానిని మరల నడుపలేదు. బంగారు పతకము గాని, వెండి పతకము గాని, కంచు పతకము గాని ఎవ్వరికిని దక్కలేదు.

ఇది న్యాయమేనా? ముందు గీత దాటినవానికి గెలుపు లేకుండుట కఠినమే. కాని ఆ నియమము పందెమునకు పూర్వమే ఏర్పడినది, అందరికిని సమానమైనది. గెలిచినవానిని చూచి జాలితో నియమమును సడలించిన, రేపు ఓడినవాడు ఏ న్యాయమును నమ్ముకొనవలెను? అయినను నియమములు సయితము అనుభవముచే మారును. నేటి స్ప్రింటులో చివరి 200 మీటర్లకు మాత్రమే కాలమును లెక్కింతురు. అంతకు పూర్వము నెమ్మదిగా పోవుటయు నేర్పులో భాగమే.

ఆ నలుగురును లండను నుండి వట్టిచేతులతో మరలలేదు. షీల్ తన దేశీయుడగు ఆంద్రె ఒఫ్రేతో కూడి, ఇరువురు త్రొక్కు సైకిలు పందెమున స్వర్ణపతకము నందెను. జోన్స్ 5000 మీటర్ల పందెమును, జాన్సన్ ఒక చుట్టు పందెమును, కింగ్స్‌బరీ 20 కిలోమీటర్ల పందెమును గెలిచిరి. ఒక్క పందెము వ్యర్థమైనంతమాత్రమున వారి ప్రతిభ వ్యర్థము కాలేదు.

ఎదుటివాడు ముందు గాలికి నిలువవలెనని ఇరువురును వేచియుండిన, కాలము ఎవరికొరకును వేచియుండదు. ఆళ్ళగడ్డ బాటపై గాలిని పంచుకొను చెలికాండ్రకు ఈ సత్యము ఎవ్వరును చెప్పకయే తెలియును.