ఆమిష్ నవలలు – వెలి సంగతి
పఠన భాగము: 1 కొరింథీ 5:9-13

అమెరికాలో గుర్రపు బండ్లపై తిరిగే ఆమిష్ క్రైస్తవుల పల్లెల్లో నడిచే ప్రేమకథలు, చీకట్లో ఎవరో వెంటాడే కథలు చదవండి, తప్పులేదు. బెవర్లీ లూయిస్ 1997లో రాసిన ‘ది షన్నింగ్’ పేరుకే వెలి అని అర్థము.

ఆమిష్‌వారు మనవలెనే విశ్వసించినవారికే బాప్తిస్మమిస్తారు (మనము ముంచుతాము, వారు తలపై నీళ్లు పోస్తారు). బాప్తిస్మము పొందకముందే వెళ్లిపోయిన పిల్లకు వెలి లేదు, పొంది విడిచినవారికే. 1693లో యాకోబ్ అమ్మాన్ ఈ వెలి విషయములో పట్టుబట్టినందుననే సంఘము చీలింది. అందుకే కథలో అసలు భయము దుండగునిది కాదు, ఆ ప్రమాణానిది.

సర్ఖని కూటములో చర్చకు: అట్టివానితో భుజింపవద్దన్న పౌలు మాట కన్నతల్లి వడ్డించే కంచానికీ వర్తిస్తుందా?