సగటు వెనక ఏముంది? ఒక ఫుట్‌బాల్ జట్టుతో స్టాటిస్టిక్స్ పాఠం



తొమ్మిదో తరగతిలో స్టాటిస్టిక్స్ చాప్టర్ మొదలుపెట్టిన రోజు ఒక అబ్బాయి లేచి, "మేడమ్, మా అన్నయ్య అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్నాడు. అక్కడి కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒక జట్టు ఒక్క టచ్‌డౌన్ కూడా చేయకుండా 7–3తో గెలిచిందట. అదెలా?" అని అడిగాడు.

ఆ సంగతి నిజమే. 2022 సెప్టెంబర్ 3న అయోవా యూనివర్సిటీ జట్టు సౌత్ డకోటా స్టేట్ జట్టుపై సరిగ్గా అలాగే గెలిచింది. ఆ ప్రశ్నను పట్టుకుని ఆ జట్టు సీజన్ మొత్తం స్కోర్లు బోర్డు మీద రాశాం. మీన్, మీడియన్, మోడ్ మూడూ దానితోనే నేర్చుకున్నాం. మీలో తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఇవి సరాసరి, మధ్యగతం, బాహుళకంగా గుర్తుండే ఉంటాయి. ఈ పాఠం ఇంట్లో పిల్లలతో కూర్చుని మీరూ చేయవచ్చు.

ముందు ఆట గురించి నాలుగు మాటలు

ఇది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి కోలగా ఉంటుంది, దాన్ని చేతితో పట్టుకుని పరుగెత్తుతారు, విసురుతారు. ఒక్కో వైపు 11 మంది ఆడతారు. బంతి చేతిలో ఉన్నప్పుడు ఆడే దళం అఫెన్స్, ఎదుటివాళ్లను ఆపే దళం డిఫెన్స్. ఈ రెండింటిలో ఆటగాళ్లు వేరు, కోచ్‌లూ వేరు. అఫెన్స్‌కు 4 ప్రయత్నాలు ఇస్తారు. వాటిలో 10 గజాలు ముందుకు వెళ్తే మళ్లీ 4 ప్రయత్నాలు వస్తాయి. వెళ్లలేకపోతే బంతి ఎదుటివాళ్లకు పోతుంది. అందుకే చాలాసార్లు నాలుగో ప్రయత్నంలో బంతిని దూరంగా తన్నేస్తారు. దాన్ని పంట్ అంటారు.

పాయింట్లు ఇలా వస్తాయి: బంతిని చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. ఆ తర్వాత కిక్ సరిగ్గా కొడితే ఇంకో 1. గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నితే ఫీల్డ్ గోల్, 3. బంతి పట్టుకున్న ఎదుటి ఆటగాణ్ణి అతని సొంత గీత వెనకే పడగొడితే సేఫ్టీ, 2. సేఫ్టీ సంపాదించేది డిఫెన్స్.

ఇప్పుడు ఆ అబ్బాయి ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. ఒక ఫీల్డ్ గోల్ 3, రెండు సేఫ్టీలు 4. మొత్తం 7.

2022 సీజన్: 13 మ్యాచ్‌లు

మొదటి అంకె అయోవాది, రెండోది ఎదుటి జట్టుది.

సౌత్ డకోటా స్టేట్: 7–3
అయోవా స్టేట్: 7–10
నెవాడా: 27–0
రట్గర్స్: 27–10
మిషిగన్: 14–27
ఇల్లినాయ్: 6–9
ఒహాయో స్టేట్: 10–54
నార్త్‌వెస్టర్న్: 33–13
పర్డ్యూ: 24–3
విస్కాన్సిన్: 24–10
మిన్నెసోటా: 13–10
నెబ్రాస్కా: 17–24
కెంటకీ: 21–0

8 గెలుపులు, 5 ఓటములు. చేసిన పాయింట్లు మొత్తం 230, ఇచ్చినవి 173. 13తో భాగిస్తే చేసినవాటి మీన్ 17.7, ఇచ్చినవాటి మీన్ 13.3. పిల్లలు ఇంతవరకు వేగంగా చేశారు. "జట్టు పర్వాలేదు మేడమ్, యావరేజ్" అన్నారు. "ఆగండి, ఇంకా మూడు ప్రశ్నలు ఉన్నాయి" అన్నాను.

మొదటి ప్రశ్న: అంకెలు ఎలా పరచుకుని ఉన్నాయి?

ఇచ్చిన పాయింట్లను చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా రాద్దాం: 0, 0, 3, 3, 9, 10, 10, 10, 10, 13, 24, 27, 54.

మధ్యలో ఉన్నది ఏడో అంకె, అంటే మీడియన్ 10. ఎక్కువసార్లు వచ్చింది కూడా 10, అదే మోడ్. మరి మీన్ మాత్రం 13.3 ఎందుకు అయింది? ఒహాయో స్టేట్ మ్యాచ్‌లో ఇచ్చిన 54 దాన్ని పైకి లాగింది. ఆ ఒక్క మ్యాచ్ పక్కన పెడితే మిగతా 12 మ్యాచ్‌ల సరాసరి 9.9 మాత్రమే. 13 మ్యాచ్‌లలో 9 సార్లు ఈ డిఫెన్స్ 10 పాయింట్లు దాటనివ్వలేదు. ఇది యావరేజ్ డిఫెన్స్ కాదు, చాలా మంచి డిఫెన్స్.

అలాగని 54ను చెరిపేయకూడదు. అది నిజంగా జరిగింది. చెరిపేయడం కాదు, ఎందుకు జరిగిందో అడగాలి. ఆ రోజు అయోవా బంతిని 6 సార్లు పోగొట్టుకుంది. డిఫెన్స్ పదేపదే ఇబ్బందికరమైన చోటు నుంచి ఆపాల్సి వచ్చింది. ఎదుటి డిఫెన్స్ బంతి లాక్కుని నేరుగా చేసిన టచ్‌డౌన్ కూడా ఆ 54లో ఉంది. అంటే "ఇచ్చిన పాయింట్లు" అన్న గడిలో ఉన్న భారమంతా డిఫెన్స్‌ది కాదు.

చేసిన పాయింట్ల వరసలో మీడియన్ 17. మీన్ 17.7కు దగ్గరగానే ఉంది. అంటే ఇక్కడ ఏదో ఒక్క మ్యాచ్ లెక్కను తారుమారు చేయలేదు. 7 మ్యాచ్‌లలో 20 కంటే తక్కువే చేశారు. ఆ 7లో గెలిచినవి 2. 20 దాటిన 6 మ్యాచ్‌లూ గెలిచారు.

రెండో ప్రశ్న: ఆ పాయింట్లు ఎవరు సంపాదించారు?

క్రికెట్‌లో జట్టు స్కోరు 180 అయితే అందులో ఎక్స్‌ట్రాలు ఉంటాయి. అవి జట్టు ఖాతాలోకి వెళ్తాయి కానీ ఏ బ్యాట్స్‌మన్ పేరు మీదా ఉండవు. అయోవా 230 పాయింట్లనూ అలాగే విడదీసి చూడాలి.

సౌత్ డకోటా స్టేట్‌పై 7లో 4 డిఫెన్స్ సేఫ్టీలవి. రట్గర్స్‌పై 27లో రెండు టచ్‌డౌన్లు డిఫెన్స్ చేసింది. కెంటకీపై 21లో మళ్లీ రెండు టచ్‌డౌన్లు డిఫెన్స్‌వే. ఈ మూడు మ్యాచ్‌లలోనే డిఫెన్స్ తెచ్చినవి 24, 4 కలిపి 28 పాయింట్లు. టచ్‌డౌన్ తర్వాత కిక్‌లు ఇందులో కలపలేదు. ఈ 28 తీసేస్తే 202, సరాసరి 15.5. మిగతా మ్యాచ్‌లు కూడా ఇలా విడదీస్తే ఇంకా తగ్గుతుంది. 17.7 అన్న అంకె అఫెన్స్‌ను ఉన్నదానికన్నా మెరుగ్గా చూపించింది.

గజాల లెక్క దీన్ని బలపరుస్తుంది. ఆ సీజన్‌లో అయోవా అఫెన్స్ మ్యాచ్‌కు సుమారు 252 గజాలు ముందుకు వెళ్లింది. అగ్రశ్రేణిలోని 131 జట్లలో అది కింది నుంచి రెండో స్థానం. డిఫెన్స్ మ్యాచ్‌కు సుమారు 271 గజాలు ఇచ్చింది. అది పై నుంచి రెండో స్థానం. ఒకే జట్టులో ఒక సగం దేశంలోనే మేటి, ఇంకో సగం అట్టడుగు. రెండూ కలిపి "యావరేజ్" అన్నాం మనం.

ఇంకో విశేషం చూడండి. సంపాదించిన గజాలు ఇచ్చిన గజాలకంటే తక్కువ, అయినా 8 గెలుపులు. డిఫెన్స్ పాయింట్లు ఒక కారణం. పంట్ కొట్టే టోరీ టేలర్ అన్న ఆస్ట్రేలియా కుర్రాడు ఇంకో కారణం. అతను బంతిని ఎదుటివాళ్ల గీత దగ్గర పడేలా తన్నేవాడు. వాళ్లు పాయింట్ చేయాలంటే మైదానం మొత్తం నడవాల్సి వచ్చేది. ఆ మేలు పాయింట్ల పట్టికలో ఎక్కడా అతని పేరు మీద కనిపించదు.

మూడో ప్రశ్న: ఎదుట ఎవరు, ఎన్ని అవకాశాల్లో?

ఒక బౌలర్ 30 పరుగులిచ్చాడు అంటే వెంటనే "ఎన్ని ఓవర్లలో?" అని అడుగుతాం. ఇక్కడా అంతే. 270 గజాలు 50 ప్రయత్నాల్లో ఇవ్వడం వేరు, 80 ప్రయత్నాల్లో ఇవ్వడం వేరు. 270ను 50తో భాగిస్తే 5.4, 80తో భాగిస్తే 3.4. అందుకే ఒక్కో ప్రయత్నానికి ఎన్ని గజాలు అన్నది మ్యాచ్‌కు ఎన్ని గజాలు అన్నదానికన్నా నమ్మదగినది. ఇక ఎదుటి జట్టు సంగతి. మిషిగన్, ఒహాయో స్టేట్ ఆ ఏడాది దేశం మొత్తం మీద చివరి పోటీకి ఎంపికైన 4 జట్లలో రెండు. అయోవా ఎక్కువ పాయింట్లు ఇచ్చిన రెండు మ్యాచ్‌లూ వాటితోనే.

ఒక్క అంకెతో షరతు పెడితే

2022 తర్వాత అయోవాలో ఒక ఆసక్తికరమైన పని చేశారు. అఫెన్స్ కోచ్ బ్రయన్ ఫెరెంట్జ్ కాంట్రాక్టును 2023 ఫిబ్రవరిలో మార్చి రెండు లక్ష్యాలు పెట్టారు: జట్టు కనీసం 7 మ్యాచ్‌లు గెలవాలి, మ్యాచ్‌కు సగటున 25 పాయింట్లు చేయాలి. అయితే ఆ 25లో డిఫెన్స్ చేసే పాయింట్లు కూడా లెక్కకు వస్తాయి.

2023లో జట్టు 14 మ్యాచ్‌లలో 10 గెలిచింది. పాయింట్లు మాత్రం 216, సరాసరి 15.4. సీజన్ నడుస్తుండగానే, అక్టోబర్ 30న, ఆ ఏడాది తర్వాత ఆయన కొనసాగరని యూనివర్సిటీ ప్రకటించింది.

క్లాసులో పిల్లలను అడిగాను: "ఒకవేళ డిఫెన్స్ పుణ్యమా అని సగటు 25 దాటి ఉంటే, అఫెన్స్ బాగుపడినట్టేనా?" కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి వెనక బెంచీ అమ్మాయి, "అఫెన్స్‌కు పెట్టిన పరీక్షలో డిఫెన్స్ మార్కులు ఎందుకు కలిపారు మేడమ్?" అంది. ఈ పాఠం అర్థమైందని నాకు అప్పుడు తెలిసింది.

ఇదే చూపుతో ప్రోగ్రెస్ కార్డు

ఈ పాఠం చెప్పాక నా పొరపాటు ఒకటి గుర్తొచ్చింది. మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తల్లితో "పాప పర్సెంటేజ్ తగ్గిందండీ, కొంచెం చూసుకోండి" అన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. తర్వాత పాప నెమ్మదిగా వచ్చి, సోషల్ పరీక్ష జ్వరంతో రాశానని చెప్పింది. అప్పుడు కార్డు మళ్లీ చూశాను. మిగతా ఐదు సబ్జెక్టుల్లోనూ మార్కులు పెరిగాయి. ఆ ఒక్క పేపర్ ఆ పాపకు 54 లాంటిది. నేను మీన్ ఒక్కటే చూసి మాట్లాడాను. మర్నాడు ఆ తల్లికి ఫోన్ చేసి సరిగ్గా చెప్పాను.

ఇద్దరు పిల్లల మార్కులు చూడండి. ఒకరివి 80, 82, 78, 81, 79, 80. ఇంకొకరివి 98, 96, 94, 90, 60, 42. ఇద్దరికీ సగటు 80. కానీ ఇద్దరికీ కావలసిన సాయం ఒకటి కాదు. రెండో పిల్లవాడికి ఒక సబ్జెక్టులో ఈ వారమే సాయం కావాలి. 80 అన్న అంకె ఆ సంగతి మీకు చెప్పదు.

అంకెలు అబద్ధమని నేను అనడం లేదు. అయోవా అఫెన్స్ ఏ లెక్కలో చూసినా బలహీనమే. విడదీసి చూసినప్పుడే అది ఎంత బలహీనమో, డిఫెన్స్ ఎంత గొప్పదో తెలిసింది. ఈసారి కార్డు వచ్చినప్పుడు మొత్తం చూసే ముందు ఒక్కో గడీ చూడండి. పోయినసారి కార్డు పక్కన పెట్టుకోండి. ఆ తర్వాత పిల్లలను "ఎందుకు తగ్గింది?" అని కాకుండా "ఈ పరీక్ష రోజు ఏం జరిగింది?" అని అడగండి.

ఇంట్లో చేసి చూడండి

అయోవా 2023లో చేసిన పాయింట్లు వరసగా: 24, 20, 41, 0, 26, 20, 15, 10, 10, 22, 15, 13, 0, 0.

1. మీన్, మీడియన్, మోడ్ కనుక్కోండి.
2. ఈ మూడింటిలో జట్టును తప్పుగా చూపించేది ఏది? ఎందుకు?
3. సగటు 25 రావాలంటే మొత్తం ఎన్ని పాయింట్లు కావాలి? ఎన్ని తగ్గాయి?
4. ఎన్ని మ్యాచ్‌లలో 25 దాటారు?

జవాబులు: 1) మీన్ 15.4, మీడియన్ 15, మోడ్ 0. 2) మోడ్. సున్నా మూడుసార్లు వచ్చింది కానీ మిగతా 11 మ్యాచ్‌లలో పాయింట్లు చేశారు. 3) 350 కావాలి, 134 తగ్గాయి. 4) రెండింటిలో.

అంకెలు 14 ఉన్నాయి కాబట్టి మీడియన్‌కు మధ్యలోని రెండు అంకెల సగటు తీసుకోవాలి. పిల్లలు తరచూ తప్పు చేసేది ఇక్కడే. ముందు అంకెలను చిన్నదాని నుంచి పెద్దదానికి వరసలో పెట్టమని గుర్తుచేయండి. ఫుట్‌బాల్ నచ్చకపోతే మీ ఇంటి కరెంటు బిల్లులు ఒక ఏడాదివి తీసి ఇదే లెక్క చేయించండి. ఎండాకాలం బిల్లు సగటును ఎంత పైకి లాగిందో వాళ్లే మీకు చెబుతారు.